దొంగ మీద వేసిన ఉప్పు

ఇంకా రాలేదు. వండూరు గట్టున నిలబడితే ఎదురుగా దీవులు, రెండు దీవుల మధ్య ఒక సందు, పడవలన్నీ ఆ సందులోంచే వస్తాయి. ఇవాళ కూడా ఒక్కొక్కటే వస్తున్నాయి, ఇసుక మీదికి ఎక్కుతున్నాయి, మగవాళ్ళు దిగి వలలు దులుపుతున్నారు, ఎవరో ఎవరినో కేకేస్తున్నారు, మా డోంగీ పడవ మాత్రం లేదు. దాని ముక్కుకి ఎర్ర రంగు వేసింది నేనే, ఎంత దూరంలో ఉన్నా ఆ ఎరుపు నా కంటికి దొరుకుతుంది, ఇవాళ దొరకడం లేదు. మామూలు రోజైతే ఈపాటికి ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని, అన్నం చల్లారిపోతోంది, ఈ మనిషికి వేళాపాళా లేదు అని గొణుక్కుంటూ ఉండేదాన్ని. ఇవాళ నోట తిట్టు రావడం లేదు. ఉన్న తిట్లన్నీ మొన్ననే అయిపోయాయి. మొన్న ఇక్కడే, ఈ పడిపోయిన మొద్దు పక్కనే నీళ్ళలోకి దిగి, గుప్పెట్లో కల్లుప్పు పట్టుకుని, నా పిల్ల పెట్టె ఎవడు తీశాడో వాడిని నీటి మీద నుంచి ఇంటికి రానివ్వకు తల్లీ అని గంగమ్మకి చెప్పి సముద్రంలోకి విసిరాను. ఆ పెట్టె తీసినవాడు మా ఆయనేనని ఇవాళ మధ్యాహ్నం తెలిసింది.

ప్రేమావతి టీచరు చెప్పింది. కావాలని చెప్పలేదు పాపం, చేపలు కొనడానికి వచ్చింది. తుష్నాబాదులో బస్సు ఆగే చోట గంప దించి కూర్చున్నాను, ఆవిడ గొడుగు వేసుకుని వచ్చింది. వాళ్ళమ్మకి జబ్బు చేస్తే నెల రోజులు సెలవు పెట్టి బ్రూక్షాబాదు వెళ్ళి, ఇవాళే బడికి వచ్చిందట. మా రామలక్ష్మికి పాఠాలు చెప్పేది ఆవిడే. తెలుగావిడ, చర్చిలో పాటలు పాడుతుంది, గొంతు బాగుంటుంది, బేరం ఆడడం మాత్రం చేతకాదు, అందుకే ఆవిడకి ఎప్పుడూ నేనే మంచి చేప ఏరి ఇస్తాను. ఏరుతూ ఏరుతూ నా గోడు మొదలుపెట్టాను. "ఏటి సెప్పమంటారు దీదీ, మీరు సెలవుకెల్లే ఏళకే మా పిల్ల పెట్టె చోరీ అయిపోనాది. పెద్ద సారుకి సెప్పినా కూడా పట్టించుకోనేదు" అన్నాను. ఆవిడ చేప వైపు చాపిన చెయ్యి అలాగే ఉంచి నా ముఖంలోకి చూసింది. "చోరీ ఏంటి గురమ్మా? మీ ఆయనే వచ్చి పట్టుకెళ్ళారు కదా. నేను సెలవు మీద వెళ్ళే ముందురోజు. పాపే తెచ్చి ఇచ్చింది. గుమ్మం బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుని మరీ తీసుకున్నారు. మూత విరిగిందా రాముడుగారూ అని అడిగాను కూడా. తలూపి వెళ్ళిపోయారు" అంది. చేతులు కడుక్కుని అన్న మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. మా ఆయన చేతులు కడుక్కోమని నేను నెత్తీ నోరూ కొట్టుకుంటేగానీ అన్నానికి కూర్చోడు. తనంతట తాను కడుక్కునేది రెండే పనులకి, కొత్త వలని మొదటిసారి నీళ్ళలో దించేటప్పుడు, చనిపోయినవాళ్ళని ఎత్తేటప్పుడు. మిగిలిన చేపలు ఎవరికి ఏ ధరకి ఇచ్చానో గుర్తు లేదు, గంప తలకిందులుగా పెట్టుకుని బస్సెక్కాను, పక్కన కూర్చున్న ఆవిడ నీళ్ళు కారుతున్నాయని హిందీలో విసుక్కుంది, కారనీ అనుకున్నాను.

పెట్టె అంటే పెద్ద సిరిపెట్టె ఏం కాదు. పిల్లలు బడికి పట్టుకెళ్ళే అల్యూమినియం పెట్టె, ఒక పక్క సొట్ట, కొక్కెం ఊడిపోతే మా ఆయనే రాగి తీగతో బిగించాడు. మూత లోపల మేకుతో గీకి రాసిన పేరు, నూకన్న అని. మా పెద్దవాడు, వాడే రాసుకున్నాడు. చివరి అక్షరం చోటు చాలక కిందికి దిగిపోయింది, వంకరగా. అందులో రామలక్ష్మి పుస్తకాలు, పలక, వాన వస్తే కప్పుకునే ప్లాస్టిక్ గుడ్డ, మధ్యాహ్నం తినే చిన్న డబ్బా, అడుగున వాడి సగం అల్లిన వల ముక్క. ఆ వల ముక్క తియ్యవద్దని పిల్లకి గట్టిగా చెప్పాను. ఆ సాయంత్రం పిల్ల ఉత్త చేతులతో బస్సు దిగింది. పెట్టె ఏదే అంటే బెంచీ కింద పెట్టాను, మళ్ళీ చూస్తే లేదు అంది. అంతే అంది. ఏడవలేదు. నా ఒళ్ళు మండిపోయింది. పోగొట్టుకున్న దాని కళ్ళలో చుక్క నీరు లేకపోతే ఎలా? వీపు మీద రెండు తగిలించాను. అప్పుడు కూడా ఏడవలేదు, గోడవైపు తిరిగి నిలబడింది. మా ఆయన వల బాగు చేసుకుంటూ అక్కడే ఉన్నాడు. "కొట్టకే" అన్నాడు. "నీకేటి తెలుసు, నువ్వూరుకో" అన్నాను. ఊరుకున్నాడు. అంత తొందరగా ఊరుకునే మనిషి కాదు, అప్పుడైనా నాకు అనుమానం రావాలి కదా, రాలేదు. ఎదురుగా దొంగ కూర్చుని వల కుడుతుంటే నేను ఊరంతా దొంగ కోసం వెతికాను.

మర్నాడు బడికి వెళ్ళాను. చేపల గంప గేటు బయట పెట్టాను, లోపలికి వాసన రాకూడదని నేనే మర్యాద చేశాను, అయినా ఆ పెద్ద సారు ముక్కు దగ్గర రుమాలు పెట్టుకున్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు, వింటూ కిటికీలోంచి బయట పిల్లల్ని అదిలిస్తున్నాడు, చివరికి "అల్యూమినియం కా డిబ్బా హీ తో థా, నయా లే లో. బచ్చీ కో బోలో ధ్యాన్ రఖే" అన్నాడు. కొత్తది కొనుక్కోవాలట, పిల్ల జాగ్రత్తగా ఉండాలట. నాకు వచ్చిన హిందీ అంతా వాడేశాను. నయా మే మేరా బేటా కా నామ్ హై క్యా సార్, బోలో, హై క్యా అని అరిచాను, కొత్తదాంట్లో నా కొడుకు పేరు ఉంటుందా అని. ఆయనకి నా కొడుకు సంగతి తెలియదు, ఈ ఏడే ఈ బడికి వచ్చాడు, వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. నేను ఆగానా? క్లాసులోకి పోయి బెంచీల కింద దూరి చూశాను, పిల్లల పెట్టెలు ఒక్కొక్కటీ తెరిపించాను, ఒక పిల్లవాడు బెదిరి ఏడ్చాడు, ఏడిస్తే వీడే అనుకుని వాడి చెయ్యి పట్టుకున్నాను. వాడి పెట్టెలో పచ్చి చింతకాయలు తప్ప ఏమీ లేవు. బయటికి వచ్చి కుళాయి దగ్గర ఆడవాళ్ళతో, బస్సులో కండక్టరుతో, రేషను కొట్టు దగ్గర వరసలో నిలబడ్డ వాళ్ళతో, అందరితో చెప్పాను, చెప్పినకొద్దీ కోపం పెరిగిందే గానీ తగ్గలేదు. అందరూ అయ్యో అన్నారు. అయ్యో అన్నవాళ్ళ ఇళ్ళవైపే నెలంతా అనుమానంగా చూశాను. ఈ దీవులలో ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో, ఎవరి చెయ్యి ఎలాంటిదో ఎవరికి తెలుసు అనుకున్నాను. నా మొగుడి చెయ్యి సంగతి నాకే తెలియదు, ఊళ్ళో వాళ్ళ చేతుల మీద పడ్డాను.

కన్నారావు పడవ వచ్చింది. పరుగెత్తాను. "ఓ కన్నారావ్ భయ్యా, మావోళ్ళు అగుపించినారా?" అంటే తల గోక్కున్నాడు. "పొద్దుట అగుపించినారు ఒదినా. అవతల దీవి దాటి ఎల్తన్నారు. అటేపు ఎల్లొద్దురా, మౌసమ్ తిరగతాదేమో అన్నాను. గవరయ్య భయపడ్డాడు, అన్నే ఇననేదు" అన్నాడు. అవతలి దీవి దాటి. కొడుకు పోయినప్పటి నుంచి మా ఆయన ఆ దీవి దాటలేదు. దాని నీడలోనే తిరిగి, దొరికిన చిన్న చేపలు పట్టుకుని, తక్కిన వాళ్ళు సూరలూ వంజరాలూ తెచ్చి ఒడ్డున పోస్తుంటే తల వంచుకుని ఇంటికి వచ్చేవాడు. ఇవాళే ఎందుకు దాటాలి? నేను ఉప్పు వేసిన తరువాత, ఏరి కోరి ఇవాళే? నీళ్ళలోంచి ఎవరైనా పిలిచారా? పిలిచిన వాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళాడా? పడవలో ఇద్దరున్నారు, ఆయనతో వేటకి వెళ్ళే గవరయ్య పెళ్ళి ఈ వేసవిలోనే అయింది, ఆ పిల్ల అక్కడ ఇసుకలో కూర్చుని గవ్వలు ఏరుతోంది, నన్ను చూసి నవ్వింది, నేనూ నవ్వాను. దొంగని ఒక్కడినే తీసుకో, పక్కవాడిని వదిలిపెట్టు అని నేను గంగమ్మకి చెప్పలేదు. ఎవరికి తోస్తుంది అలా చెప్పాలని? నీళ్ళు వేరు చేసి చూస్తాయా?

ఉప్పు వెయ్యడం మా అమ్మ దగ్గర చూశాను. భీమిలి అవతల మా ఊరు, అక్కడ ఎవరి వల అయినా ఎవరైనా కోసుకుపోతే పోలీసులూ గీలీసులూ ఎవరికి కావాలి, నష్టపోయిన ఇంటి ఆడది స్నానం చేసి, తడి బట్టతో, జుట్టు ముడి వేసుకోకుండా నీళ్ళలోకి దిగి ఉప్పు వేసేది. పేరు తెలియనవసరం లేదు, తల్లికి తెలుసు. పేరు లేకుండా వేసిన ఉప్పే బలమైనది, అది తనంతట తాను దొంగని వెతుక్కుంటుంది అనేది అమ్మ. ఒకసారి అమ్మ వేసింది. నెల తిరగలేదు, మా ఇంటికి వచ్చి పోయే మనిషే ఒకడు వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. వల తీసింది వాడే అని అందరూ అన్నారు. అమ్మ వాడి పిల్లలకి చాలాకాలం గంజి పోసింది, అడక్కుండానే పోసింది. అప్పుడు నేను చిన్నదాన్ని, అమ్మ ఎందుకు పోస్తోందో నాకు అర్థం కాలేదు, మా గంజి వాళ్ళకెందుకు అని పేచీ పెట్టాను. ఉప్పు వేసేటప్పుడు ఏ మాట అనాలో అమ్మ దగ్గర నేర్చుకున్నాను. వేసిన దాన్ని వెనక్కి తీసుకోవాలంటే ఏం చెయ్యాలో అడగలేదు. అడగాలని తోచేలోపు నాకు పెళ్ళయింది, సర్కారు వాళ్ళు ఈ దీవులకి చేపలు పట్టేవాళ్ళు కావాలంటే మా మామగారు అందరినీ ఓడ ఎక్కించారు, ఓడ కదులుతుంటే అమ్మ గట్టున నిలబడి ఏదో అరిచింది, హోరులో వినపడలేదు. ఏం చెప్పిందో ఏమో. ఇప్పుడు అమ్మా లేదు.

వాడి గురించి తలచుకోకూడదు అనుకుంటూనే వచ్చేశాను వాడి దగ్గరికి. నూకన్న. బడికి సెలవిస్తే నాన్నతో వెళ్తానని ఎగిరాడు. నేనే పంపాను, ఇంట్లో ఉంటే అల్లరి చేస్తాడు, తీసుకుపో అన్నాను. అవతలి దీవి దాటాక అల ఒకటి పక్క నుంచి వచ్చిందట, పడవ ఒరిగిందట, మా ఆయనకి వాడి చొక్కా చేతికి తగిలిందట, తగిలి జారిందట. ఈ అట, అట అన్న మాటలు ఎన్ని చెప్పినా నేను అక్కడ లేను. వాడు దొరకలేదు. నీళ్ళలో పోయినవాడి వస్తువులు ఒడ్డున ఉంచకూడదని మా వాళ్ళ ఆచారం. కట్టుకున్నవీ, తిన్న కంచం, ఆడుకున్నవీ అన్నీ మూట కట్టి, నీరు వెనక్కి తీసే వేళ చూసి, చేతులు కడుక్కుని సముద్రానికి ఇచ్చెయ్యాలి. ఇవ్వకపోతే వాడు తన వాటి కోసం పోటు నీటితో పాటు గుమ్మం దాకా వస్తూనే ఉంటాడు, అక్కడ కుదురుగా ఉండలేడు, ఇక్కడికి రాలేడు. చొక్కాలు ఇచ్చాను. కంచం ఇచ్చాను. పెట్టె ఏదే అని మా ఆయన అడిగితే బడిలో ఉండిపోయింది, ఎవరో తీసుకున్నారట అని అబద్ధం చెప్పి బియ్యం డ్రమ్ము వెనక దాచాను. రానీ అనుకున్నాను. గుమ్మం దాకా వచ్చే కొడుకు అసలు రాని కొడుకు కంటే నయం కదా. పోటు వచ్చినప్పుడల్లా తలుపు దగ్గరికి చాప లాక్కుని పడుకునేదాన్ని, మడ చెట్ల కింద నీరు బుడబుడమంటుంటే వచ్చావా నాయనా అనేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. రామలక్ష్మి బడికి వెళ్ళే వయసు వచ్చాక ఆ పెట్టె తీసి దాని చేతికిచ్చాను. మా ఆయన చూశాడు. చూసి, పెట్టె బడిలో ఉందన్నావు కదే అనలేదు. బయటికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

వాడు నాకు గుమ్మం దాకా వచ్చేవాడేమో గానీ, ఆయనకి నీళ్ళలో ఎదురయ్యేవాడు. అది ఆయన ఒక్కసారే చెప్పాడు, వాన పడుతున్న మధ్యాహ్నం, పిల్ల నిద్రపోతుంటే. "పడవ అడుగున తట్టతన్నాడే. మూడుసార్లు తడతాడు, ఆగతాడు. గవరయ్యకి ఇనపడదు. ఆడికి కుదురు నేదు. ఆడి సామాను ఏదో మనకాడ ఉండిపోనాదే గురమ్మా" అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు, అడుగుతున్నట్టు కూడా లేదు. నేను పెద్ద నోరు చేసుకున్నాను. సారా తగ్గించు, తట్టడాలూ కొట్టడాలూ అవే తగ్గుతాయి అన్నాను. సారా ఆయన ఎప్పుడో మానేశాడని నాకు తెలుసు. పెట్టె సంగతి ఎత్తలేదు. అప్పుడు ఎత్తి, ఇద్దరం కలిసి ఏడ్చి, ఇద్దరం కలిసి ఇచ్చేసి ఉంటే? ఇవ్వనిచ్చేదాన్ని కాదు. నా సంగతి నాకు తెలుసు, ఆయనకి ఇంకా బాగా తెలుసు. అందుకే బడికి వెళ్ళాడు. నా ఎదురుగా తియ్యలేక, నా చేతుల్లోంచి లాక్కోలేక, బస్సెక్కి, చేతులు కడుక్కుని, కూతురి చేత తెప్పించుకుని తీసుకెళ్ళాడు. అమ్మకి చెప్పకు అని పిల్లకి చెప్పి ఉంటాడు. పిల్ల నా దెబ్బలు తిని కూడా చెప్పలేదు. ఇవాళ బస్సు దిగి తిన్నగా ఇంటికి వెళ్ళి దాన్ని దగ్గరికి తీసుకుంటే బిగుసుకుపోయింది, మళ్ళీ కొడతాననుకుంది. "నాన్న అన్నకి ఇచ్చీసినాడమ్మా. నా బుక్స్ తీసి, అన్న వల అందులోనే ఉంచినాడు" అంది మెల్లగా. పుస్తకాలు ఏవే అంటే మూలన పాత వలల కింద నుంచి తీసి చూపించింది. పలక, ప్లాస్టిక్ గుడ్డ, డబ్బా, అన్నీ ఉన్నాయి. ఒక్క పెట్టే, ఆ వల ముక్కా లేవు.

సూర్యుడు నీళ్ళకి దగ్గర పడ్డాడు. ఇక్కడ పొద్దు గబుక్కున పోతుంది, చూస్తూ చూస్తుండగానే చీకటి. గవరయ్య పెళ్ళాం గవ్వలు కొంగులో మూట కట్టుకుని లేచి నిలబడింది, ఇప్పుడు నవ్వడం లేదు. ఏం చూస్తావే పిల్లా నా ముఖం, నా ముఖంలో ఏముంది? నాకు కోపం వస్తోంది. ఎవరి మీదో తెలిసి వస్తోంది. దొంగే ఆయన. నన్ను అడగకుండా నా కొడుకుని పంపేశాడు. ఈ నెలంతా పోటు వస్తే నేను చాప లాక్కుని తలుపు దగ్గర పడుకున్నాను, ఎవరూ రారని ఆయనకి తెలుసు, తెలిసి పక్కన పడుకుని నిద్రపోయాడు. నిద్రపోయాడు! ఇన్నేళ్ళ తరువాత గురక పెట్టి నిద్రపోయాడు. నా ఇల్లు ఖాళీ చేసి తాను హాయిగా పడుకున్నాడు. తల్లిని నేను, తొమ్మిది నెలలు మోసినదాన్ని, ఒక్క మాట అడగడా? అలాంటివాడు రాకపోతే రాకపోనీ. అనుకున్నాను. అవును, ఆ మాట అనుకున్నాను, మనసులోనైనా పూర్తిగా అనుకున్నాను, అదే క్షణంలో సందులోంచి గాలి మారి చల్లగా ముఖానికి కొట్టింది, దూరాన ఆకాశం అడుగున నల్లగా గీత కనిపించింది. వద్దు తల్లీ. వద్దు, వద్దు. విన్నావా అప్పుడే? నోరు జారే ఆడదాని ప్రతి మాటా వింటావా? మొన్న చెప్పింది విన్నావు, ఇది వినకు.

నీళ్ళలోకి దిగాను. మోకాళ్ళ దాకా, నడుము దాకా. జుట్టు విప్పుకున్నాను, మొన్న ఎలా ఉన్నానో అలాగే ఉండాలనిపించింది. వేసింది నేనే, తీసుకునేదీ నేనే అన్నాను. దొంగ కాదు వాడు, ఇంటివాడు, తన కొడుకు సామాను తన కొడుక్కి ఇచ్చాడు, తప్పు నాది, దాచింది నేను అన్నాను. అల వచ్చి నోరు మూసింది. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. నా ఉప్పు ఈ నీళ్ళలోనే కదా ఉంది, ఎక్కడికి పోతుంది? దోసిలి పట్టి తాగాను. గొంతు మండింది. మళ్ళీ పట్టాను, మళ్ళీ తాగాను, గుప్పెడు ఉప్పు వేశాను కదా, గుప్పెడు ఉప్పూ కడుపులోకి తీసుకోవాలి, ఏ దోసిట్లో నాది ఉందో, ఏ దోసిట్లో లేదో, తాగుతూనే ఉన్నాను. తాగినదంతా బయటికి వచ్చింది. వచ్చినదంతా మళ్ళీ సముద్రంలోనే కలిసింది. వెనక నుంచి గవరయ్య పెళ్ళాం దిగి వచ్చి నా రెక్క పట్టుకుంది. "ఏటి దీదీ, ఏటయిపోనాది, తబియత్ ఖరాబా?" అని ఏడుపు గొంతుతో అడుగుతోంది. ఆ పిల్ల చెయ్యి ఎంత వెచ్చగా ఉందో, దాన్ని పట్టుకోవడానికి నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను. నీకు ఏమీ కాదు అని చెప్పాలి, చెప్పడానికి నాకేం హక్కు ఉంది?

ఆ పిల్లే ముందు చూసింది. అదిగో అంది. సందులో, ఆఖరి వెలుతురులో, ఎర్ర ముక్కు. ఇంజిన్ చప్పుడు లేదు, ఇద్దరూ తెడ్లు వేస్తున్నారు, పడవ నీళ్ళకి దగ్గరగా కుంగి వస్తోంది. మునిగిపోతోందనుకుని కేక వేశాను. మునగడం లేదు, నిండుగా ఉంది. దగ్గరికి వచ్చాక తెలిసింది, అడుగు కనపడకుండా వంజరాలు, పైన రెండు పెద్ద సూరలు, తోకలు బయటికి వేలాడుతున్నాయి. గవరయ్య దూకి పెళ్ళాం దగ్గరికి పరుగెత్తాడు, నవ్వుతూ అరుస్తూ చేతులు చాపి చూపిస్తున్నాడు, ఇంత, ఇంత అని. మా ఆయన తాడు పట్టుకుని నెమ్మదిగా దిగాడు. మనిషి దిగాడు, కాళ్ళు ఇసుక మీద పెట్టాడు. నేను ఆ కాళ్ళనే చూశాను. దగ్గరికి వచ్చి నన్ను ఎగాదిగా చూసి "ఏటే, ఇలగ తడిసిపోనావు? బీమారు పడతావు" అన్నాడు. "ఏటీ నేదు మావా. ఇంజిన్ ఆగిపోనాదా?" అన్నాను. "ఆగిపోనాది. ఆగిపోతే ఏటి, తెడ్డు నేదా?" అన్నాడు. తాడు చుట్టుకుంటూ, ఇటు చూడకుండా "ఇస్కూలుకి మల్లీ ఎల్లినావేటి?" అన్నాడు. "ఎల్లనేదు. ఇంక ఎల్లను. పోనీ" అన్నాను. ఆయన చేతిలో తాడు ఆగింది. నా వైపు చూశాడు, ఎంత తెలుసో కనుక్కోవాలని చూశాడు, నేను ముఖం తిప్పుకోలేదు. భుజాలు దించుకున్నాడు. పెద్ద బరువు దించినవాడిలా ఊపిరి వదిలాడు.

మాట ఇంకా నా నోట్లోనే ఉంది. ఇప్పుడు చెప్పాలి, నీ మీద ఉప్పు వేశాను మావా, తెలియక వేశాను అని. చెబితే ఏమవుతుంది? ఇన్నేళ్ళకి ఈ మనిషి నిండు పడవతో నవ్వు ముఖంతో దిగాడు, ఆ ముఖం మళ్ళీ చూడను. చెప్పకపోతే? వచ్చాడు కదా, ఇవాళ వచ్చాడు కదా, అయిపోయినట్టేనా? నేను గంగమ్మకి ఇవాళ అని చెప్పలేదు, రేపు అని చెప్పలేదు. ఫలానా రోజు దాకా అని గడువు పెట్టలేదు. ఆయన వంగి ఒక సూరని రెండు చేతులతో ఎత్తి నా ముందు పట్టుకున్నాడు. "అవతల దీవి దాటినామే గురమ్మా. భయమేయనేదు. నీళ్ళు ఎంత నిమ్మళంగా ఉన్నాయో తెలుసా నీకు? ఇంజిన్ బాగు సేసుకోని రేపు ఇంకా దూరం ఎల్దుమనుకుంటన్నాం. అటేపు ఎవులూ పోరు" అన్నాడు. చిన్నపిల్లవాడిలా చెబుతున్నాడు. "ఎల్లొద్దు" అన్నాను. "ఎందుకే?" అన్నాడు. ఎందుకో చెప్పలేను, ఎందుకో చెప్పకుండా ఆపలేను, రేపు ఒక్కరోజు ఆపినా ఎల్లుండి ఉంది, చేపలు పట్టేవాడిని ఎన్నాళ్ళు ఒడ్డున కట్టేసుకుంటాను. "ఎల్తే నేనూ వస్తాను" అన్నాను. ఆయన నవ్వాడు. మా వాళ్ళలో ఆడది వేట పడవ ఎక్కదు, ఎక్కితే వల ఖాళీగా వస్తుందంటారు, మా అమ్మ ఎక్కలేదు, వాళ్ళమ్మా ఎక్కలేదు. "పిచ్చెక్కినాదేటే? పడవలో ఏటి సేస్తావు నువ్వు?" అన్నాడు నవ్వుతూనే. "ముందర కూకుంటాను మావా" అన్నాను. "నీకు అడ్డంగా, నీళ్ళకేసి మొగం పెట్టుకోని కూకుంటాను."